సవతి పావురం

కోరుట్లలో మైక్ సెట్టు మనోహర్ అంటే తెలియనివారు తక్కువ. సకల జనుల సమ్మె రోజులు కావడంతో ధర్నా టెంటు ఎక్కడ లేస్తే అక్కడ అతని మైకే మోగేది. ఊరంతా అతన్ని మెచ్చుకునేది. ఇంట్లో అతని భార్య రత్నమాల మాత్రం కుతకుత ఉడికిపోయేది. కారణం ఒక తెల్ల పావురం.

మొదటి కాన్పులో బిడ్డ ఊపిరి లేకుండానే పుట్టింది. ఆ బిడ్డకు పెట్టాలని రత్నమాల ముందే అనుకున్న పేరు ఉమారాణి. ఏడాది తిరక్కుండా మనోహర్ ఈ పావురాన్ని తెచ్చి, దానికి ఆ పేరు పెట్టాడు! ఇక "ఉమారాణి తిన్నదా? ఉమారాణి పండుకున్నదా?" తప్ప ఆ ఇంట్లో మరో మాట లేదు. పెళ్లాం తిన్నదో లేదో అడిగిన పాపాన పోలేదు. మనిషి సవతి అయితే జుట్టు పట్టుకునేది. రెక్కలున్న సవతిని ఏం చేస్తుంది?

ఏ ఊరికి మైకు కట్టబోయినా మనోహర్ పావురాన్ని బుట్టలో వెంట తీసుకుపోయి, అక్కడ వదిలేవాడు. అది అతనికంటే ముందే వచ్చి ఇంటి మీద వాలేది. పావురాలు పెంచే పాషా ఒకసారి అతనితో అన్న మాట రత్నమాల చెవిన పడింది.

"స్పీకర్ల పక్కపొంటి బుట్ట పెట్టకు మనోహర్ భాయ్. భూమికి సన్నగ గుంజే గుణం ఉంటదట, దాన్ని వట్టుకొనే పావురం ఇల్లు చేరుతదట. మాగ్నెట్ దగ్గరుంటే దానికి తిక్కవడ్తదంటరు. నిజమో అబద్ధమో గని, మనకెందుకు?"

సిరిసిల్లలో నేత కార్మికుల ధర్నాకు మనోహర్ బయలుదేరిన పొద్దున, రత్నమాల పగిలిన స్పీకరులోని అయస్కాంతం ముక్కను బుట్టలో గడ్డి కింద దూర్చింది. ఎంత హాయిగా ఉందో ఆ పూట ఆమెకు! కూనిరాగం తీస్తూ గిన్నెలు తోమింది.

పావురం రాలేదు. మరునాడూ రాలేదు. మనోహర్ మేడిపల్లి దాకా చెట్టూ పుట్టా వెతికి, ఉత్త చేతులతో ఇల్లు చేరి గడపలోనే కూలబడ్డాడు.

"నాదే తప్పు రత్నా. వ్యాన్ల జాగ లేక బుట్టను పెద్ద స్పీకర్లకు ఆనిచ్చి పెట్టిన" అంటూ వెక్కివెక్కి ఏడ్చాడు.

తన అయస్కాంతమో, అతని స్పీకర్లో, దారిలో ఏ డేగో, ఎవరికి తెలుసు? అది ఆలోచించే స్థితిలో రత్నమాల లేదు. ఆ కన్నీళ్లు చూసి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"బిడ్డ పోయిననాడు ఒక్క సుక్క రాల్చకపోతివి. పిట్ట కోసం గింత ఏడుపా?"

"గానాడు నువ్వు ఏడుస్తున్నవు. నేను గూడ ఏడిస్తే నిన్నెవరు వట్టుకోవాలె? దాన్ని ఆ పేరు వెట్టి పిలుసుకుంటె, బిడ్డ ఇంట్లనే తిరుగుతున్నట్టుండె."

రత్నమాల గుండె జారింది. నోరు మాత్రం ఆగలేదు.

"బుట్టల మాగ్నెట్ నేనే వెట్టిన" అనేసింది.

మనోహర్ ఏడుపు ఆగింది. తల తిప్పి ఆమెనే చూశాడు. ఆ చూపు తన మీద నిలవాలనే ఇన్నాళ్లూ ఆమె కుళ్లుకుంది. ఇప్పుడు నిలిచింది. రత్నమాల కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.