వియ్యపురాలి పులిహోర

నెలలో మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చిలో అందరం కలిసి తింటాం. దాన్ని ప్రేమ విందు అంటాం. బియ్యం కొనం. రోజూ ఎసట్లో బియ్యం వేసే ముందు ప్రతి ఇంటి ఆడమనిషి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆ డబ్బాలన్నీ ఆదివారం నాటికి చర్చి వంటపాకకు చేరతాయి. కూర తెచ్చినా పచ్చడి తెచ్చినా పాక అరుగు మీద పెట్టేసి పోవడమే. అది ఎవరిదని అడగకుండా చర్చి గిన్నెల్లోకి వంపేస్తాం. ఆ పద్ధతి నేను పెట్టించిందే. అంతకుముందు కొందరు తమ గిన్నెను తమ చుట్టాల ముందే తిప్పుకునేవారు. మిగతావాళ్ల పిల్లలు చూస్తూ కూర్చునేవారు. అది నాకు నచ్చలేదు.

పోయిన కార్తీకంలో వచ్చిన విందు రోజునే నా చిన్నకొడుకు కూతురికి చర్చిలో ప్రార్థన చేయించాం. కోడలు మునగపాక దగ్గర చెరకు పండించే ఇంటి పిల్ల. వాళ్లు గుడికి పోయేవాళ్లు, మేము చర్చికి పోయేవాళ్లం. పెళ్లి వాళ్లకు ఇష్టం లేకుండానే జరిగింది. తండ్రి ఇప్పటికీ మాట్లాడడు. తల్లి మాత్రం పురుడప్పుడు ఆసుపత్రికి వచ్చింది, ఆ తర్వాత మా ఇంటికీ వచ్చింది. వచ్చినప్పుడల్లా తన సీసాలో నీళ్లే తాగేది. టీ ఇస్తే ముట్టుకోకుండా చల్లార్చేది. పారబోయడం నాకు గిట్టదు గనుక నేనే తాగేసేదాన్ని. కొన్నాళ్లకు ఇవ్వడమే మానేశాను.

ముందురోజు సాయంత్రం కోడలు బియ్యం ఏరుతూ అంది.

“అత్తా, రేపు మాయమ్మ వత్తానంది.”

“రానీ.”

“మనోల్లతో కూకుని తింటాదంటావా?”

“తింటే తింటాది. ముద్దలు పెట్టడానికి అదేటి సంటిపిల్లా?”

తల్లి మా మధ్య కూర్చుని ఒక్క ముద్ద తింటే రాకపోకలు మొదలవుతాయని, తను పిల్లను తీసుకుని పుట్టింటి గడప తొక్కవచ్చని కోడలి ఆశ. అది నాకు తెలుసు.

ఆదివారం తెల్లారగానే పాకలో పొయ్యి వెలిగించాం. బెల్లం వండేచోట ఎండబెట్టిన చెరకు పిప్పి తెప్పించి మండిస్తాను. గ్యాసు కంటే చవక. ఇంటికో రకం బియ్యం కాబట్టి కొన్ని ఉడికేసరికి కొన్ని పలుకుగా ఉంటాయి. అందుకని నీళ్లు కాస్త ఎక్కువే పోస్తాను. వంకాయ, ముల్లంగి వేసి సాంబారు, క్యాబేజీ వేపుడు చేయించాను. సంఘపెద్ద ఒకాయన పాకలోకి తొంగి చూశాడు.

“కోడి నేదేటి పెద్దమ్మా?”

“మీ ఇంటికాడ ఉంటాది. పోయి వండించుకో.”

“నీ సేతిలో పడితే కోడైనా ముల్లంగైపోతాదిలే!”

పాకలో అందరూ నవ్వారు. నా పొదుపు వల్లే కోడి లేదనుకున్నారు. అనుకోనిచ్చాను. కార్తీకంలో వియ్యపురాలు నీచు ముట్టదని, అది ఉడికినచోట కూర్చోదని ఎవరికీ చెప్పలేదు.

ఆమె స్టీలు క్యారేజీతో ఆటో దిగింది. ప్రార్థన దగ్గరికి తిండి ఎందుకనుకుందో ఏమో, దాన్ని పాక అరుగు మీద పెట్టి లోపలికొచ్చి చివర కూర్చుంది. పాస్టరుగారు పిల్లను ఎత్తుకుని ప్రార్థన చేస్తుంటే అందరూ కళ్లు మూసుకున్నారు. కోడలు మాత్రం తల్లి కేసి చూస్తూనే ఉంది.

ఆరాధన అయ్యాక వియ్యపురాలు నేరుగా అరుగు దగ్గరికి వెళ్లింది. క్యారేజీ గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి.

“ఇందులో పులిహోరుండాలి, ఏటైంది?”

వంట చూస్తున్న నా తోటికోడలు నవ్వుతూ చెప్పింది. “బేసిన్లో వొంపేసేనండి. గిన్నెలు కూడా తోమేసేను.”

“అది నాకోసం తెచ్చుకున్నానమ్మా!”

“ఓలమ్మో! ఇక్కడెట్టినవన్నీ అందరివే గదా అనుకున్నాను.”

కోడలు పిల్లనెత్తుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. తల్లి మళ్లీ ఆటో ఎక్కేస్తుందని ఆమె భయం. నాకూ అలాగే అనిపించింది.

ఈలోగా పంక్తిలో పులిహోర వడ్డిస్తున్నారు. ముందు కూర్చున్న ముసలమ్మ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“గుళ్లో ఎట్టిందేమో కనుక్కోండి. అలాగైతే నాకొద్దు.”

మిగతా చేతులూ ఆగాయి. తిప్పి తిప్పి మాట్లాడడం నాకు రాదు. వియ్యపురాలినే అడిగాను.

“వదినగారూ, ఇది దేవుడికి పెట్టేరా?”

“పెడితే మీరు తినరా?”

“తినం.”

“పెట్టనేదు. నా పొట్టకే వండుకున్నాను. మీరు తినమని నోటితో చెప్పేరు. నేను క్యారేజీ తెచ్చుకుని చెప్పేను.”

గోడవైపు చివర ఒక విస్తరి వేశాను.

“మీ పులిహోరైనా తినండి. కూకోండి.”

ఆమె కదల్లేదు. అప్పటికి ముసలమ్మ రెండు ముద్దలు మింగింది.

“ఇంగువ బాగా పడిందమ్మా. ఎవులు సేసేరో గానీ ఇంకొంచెం వెయ్యండి.”

“వెయ్యండి, వెయ్యండి. నాకు కూడా మిగల్చండి మరి,” అంటూ వియ్యపురాలు విస్తరి ముందు కూర్చుంది.

పులిహోర తిన్నది. వెనకే తోటికోడలు తెల్లన్నం బేసిను పట్టుకొచ్చి, అందరికీ వేసినట్టే ఆమెకూ ఒక గరిటె వేసేసింది. ఆపుదామనుకుని ఆగాను. వియ్యపురాలు ఆ అన్నం కేసి కొంచెంసేపు చూసి వేలితో నొక్కింది.

“మెత్తబడింది వదినగారూ.”

“ఇంటికో రకం బియ్యం. ఏ ఇంటికి తగ్గట్టు ఉడకమంటారు?”

“సాంబారు పొయ్యమనండి. ఉత్తన్నం ఎలా తింటాను?”

ఆమె ముద్ద నోట్లో పెట్టుకున్నాక కోడలు వచ్చి పిల్లను నా చేతుల్లో పెట్టేసి, తల్లి పక్కన కూర్చుని గబగబా తినడం మొదలుపెట్టింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది.

“పాలిచ్చేదానివి, కడుపు మాడ్సుకుంటావా?” అని అరిచాను.

“ఇప్పుడు తిననీయండి వదినా. తిట్లు తరవాత,” అంది వియ్యపురాలు. కూతురి విస్తరిలోకి క్యాబేజీ జరుపుతూ, “మీ నాన్న సంగతి నేను సెప్పలేను. నువ్వు మాత్రం గుంటని ఎత్తుకుని మనింటికి రా,” అంది.

కోడలు నోటి నిండా అన్నంతోనే తలూపింది. ఇంటికెళ్లాకే తిట్టాను.