చెన్నమ్మ చెయ్యి, నార్సింగి మట్టి

హైదరాబాదు శివారు నార్సింగిలో కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి. మీకూ నాకూ ఇదొక వార్త కాదు. చెన్నమ్మకు మాత్రం రెండేళ్ల కిందట ఇక్కడికి వచ్చిన నాటి నుంచి రోజూ వార్తే. పొద్దున్నే వంటింటి కుళాయి తిప్పి, దోసిట్లో నీళ్లు పట్టి కళ్లకద్దుకుని, "సల్లగుండు తల్లీ" అంటే గాని పొయ్యి వెలిగించదు. కొడుకు మధుసూదన్ ఫ్లాట్లు అమ్మే వ్యాపారంలో ఉన్నాడు. తల్లి కుళాయికి దండం పెడుతుంటే మొదట్లో నవ్వేవాడు. ఇప్పుడు ఫోనులోంచి తలెత్తడం లేదు.

నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. ఆమె కల్యాణదుర్గం పక్కన ఒక పల్లెలో కాపురం చేసిన మనిషి. చీనీ తోట, అంటే ఇక్కడివాళ్లు చెప్పే బత్తాయి తోట, కళ్లముందు ఎండిపోతుంటే బోరు మీద బోరు వేయించి, ట్యాంకర్లతో నీళ్లు తోలించి, చివరికి చెట్లు కొట్టి కట్టెలకు అమ్ముకున్న ఇల్లు అది. భర్త లక్ష్మీనారాయణ ఆ తర్వాత ఎక్కువకాలం బతకలేదు. కొడుకు వచ్చి, "ఇంక ఈడేముందిమా, పోదాం పా" అని తనతో తీసుకొచ్చాడు.

చెన్నమ్మకు ఇంకో బరువుంది. దాని సంగతి కొడుక్కి కూడా తెలియదు. ఆమె కాపురానికి వచ్చిన ఏడే వేరుశనగ పంట పోయింది. చేను గట్టు మీద నిలబడి అత్తగారు, "ఈ పిల్ల చెయ్యి పడింది, ఇంక పచ్చగ యాడుంటుంది" అనేసింది. మబ్బు మొహం చాటేస్తే కొత్తకోడలి చెయ్యేం చేస్తుంది? ఆ మహాతల్లి మీద నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. అన్న మనిషి ఆ సాయంత్రానికే మర్చిపోయి ఉంటుంది. విన్న మనిషి మాత్రం ఆ తర్వాత పోయిన ప్రతి పంటనూ, ఎండిన ప్రతి బోరునూ తన చేతి మీదే వేసుకుంటూ వచ్చింది.

అలాంటి మనిషికి మనవరాలు పుట్టింది. రసజ్ఞ అని పేరు పెట్టారు. బిడ్డ పుడితే అవ్వ ఒక చెట్టు పెట్టడం వాళ్లింటి ఆనవాయితీ. చెన్నమ్మ అనంతపురం వైపు నుంచి చీనీ అంటు తెప్పించి, కమిటీ వాళ్లను అడిగి, అపార్ట్‌మెంటు వెనక గోడ వారగా నాటింది. నాటుతూ మనసులో ఒక పందెం వేసుకుంది. ఈ మొక్క చిగురేస్తే తన చెయ్యి మంచిదే. అప్పటిదాకా ఆ చేత్తో బిడ్డ నోటికి ఏదీ పెట్టకూడదు.

ఆ పందెం సంగతి ఎవరికీ చెప్పలేదు. బిడ్డ గుడ్డలుతికేది, స్నానానికి నీళ్లు కాచేది, ఉయ్యాల ఊపుతూ పాటలు పాడేది. మందు చుక్కలు వేయమంటే మాత్రం, "నువ్వే ఎయ్యమ్మా, నా చెయ్యి వణుకుతాది" అని సీసా పక్కన పెట్టి వంటింట్లోకి పోయేది. కోడలు ప్రియాంక నార్సింగి దగ్గరే ఉన్న రాయదుర్గంలో ఒక కంపెనీలో పనిచేస్తూ ప్రసవం సెలవులో ఉంది. అత్తగారి చెయ్యి వణకడం ఆమె ఎన్నడూ చూడలేదు. నిండు గిన్నెలు దించేటప్పుడు వణకని చెయ్యి బిడ్డ దగ్గరే ఎందుకు వణుకుతుందో ఆమెకు అర్థం కాలేదు. అడగలేదు, మనసులో పెట్టుకుంది.

ఇక మొక్క సంగతి. సీమ మనిషికి మొక్క పెంచడం ఎవరైనా నేర్పాలా? చుట్టూ లోతుగా పాది తీసింది. బియ్యం కడిగిన నీళ్లు పోసింది. ఏసీ గొట్టాల్లోంచి బొట్లు బొట్లుగా కారిపోయే నీళ్లు చూస్తే ఆమె ప్రాణం ఉసూరుమనేది. గొట్టం కనబడిన చోటల్లా బకెట్టు పెట్టి, నిండినవన్నీ మోసుకుపోయి పాదిలో కుమ్మరించేది. పైన వానలు సరేసరి. కొన్నాళ్లకే ఆకులు పసుపెక్కాయి. ఆకు పసుపైతే దాహమని ఆమె లెక్క, మరిన్ని బకెట్లు పడ్డాయి. మొదటి మొక్క పోయింది. రెండోది పోయింది. మూడోదీ తల వేలాడేసిన రోజునే ఇంట్లో అన్నప్రాశనకు ముహూర్తం పెట్టారు, వచ్చే శుక్రవారం పొద్దున్న.

"మొదటి ముద్ద మీరే పెట్టాలి అత్తా," అంది ప్రియాంక.

"మీయమ్మ వస్తాంది కదమ్మా. ఆమెనే పెట్టనీ."

ప్రియాంక మొహం చిన్నబోయింది. చెన్నమ్మ అది చూసింది. ఎండిన మొక్కను పీకి పారేద్దామని కిందికి దిగింది.

వెనక గోడ దగ్గర ఆ వారమే ఇంకుడు గుంత తవ్వుతున్నారు. తవ్వుతున్నది తోటపని చూసే లింగయ్య, పుట్టి పెరిగిందంతా నార్సింగిలోనే. నడుం లోతు గుంతలో అతను నిలబడి ఉంటే, గట్టు మీద గొంతుక్కూర్చుని లోపలికి తొంగిచూస్తున్నాడు మూడో అంతస్తు సీతారామయ్య. ఆయనది కాకినాడ వైపు. నేలలు తవ్వించి, పరీక్షించి, ఏది ఏ వర్గమో తేల్చే ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఎక్కడ గుంత తవ్వినా అక్కడ వాలతాడు. "పెళ్లికి పిలిచినా ఇంత తొందరగా బయల్దేరరు" అని ఆయన భార్య నాగేశ్వరి దెప్పుతుంటుంది.

చెన్నమ్మ లాగగానే మొక్క వేళ్లతో సహా ఊడివచ్చింది. వేళ్లు నల్లగా, జిగటగా ఉన్నాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన. ముక్కు మూసుకుని విసిరేయబోతుంటే సీతారామయ్య లేచాడు.

"అయ్యో, పారేయకండి చెన్నమ్మగారూ. ఒకసారి ఇలా ఇవ్వండి."

"ఏముంది సారూ సూసేదానికి. నా చెయ్యి మంచిది కాదు. నేను పెట్టింది బతకదు."

ఈ మాట ఆమె పైకి అనడం అదే మొదలు. చచ్చిన మొక్క చేతిలో ఉండబట్టి నోరు జారింది. సీతారామయ్య మొక్క అందుకున్నాడు. వేళ్లు వాసన చూశాడు, ఒకటి విరిచి చూశాడు, గుంత వైపు చూపించాడు.

"ఇలా వచ్చి ఈ అంచు చూడండి. లింగయ్యా, ఆ పక్కంతా పారతో నున్నగా చెక్కవయ్యా."

లింగయ్య చెక్కాడు. పైన జానెడు మందాన ఎర్రమొరం, ఇటుక ముక్కలు. దాని కింద ముదురు గోధుమరంగు మట్టి. ఇంకా దిగి, మోకాలి లోతు దగ్గర, మట్టి ఒక రంగున నిలవలేదు. బూడిదరంగు మరకలు, వాటి మధ్య తుప్పురంగు చుక్కలు. అట్టడుగున అంతా బూడిదరంగే, అందులోంచి నీరు మెల్లగా ఊరుతోంది.

"ఇది మా మేనత్తోళ్ల మడి సారూ," అన్నాడు లింగయ్య. "వరి ఏస్తుండిరి. మస్తు జాలు భూమి. వానలు పడ్డయంటే అడుగుకెల్లి నీళ్లే నీళ్లు. బిల్డరు పైన మొరం పోసిండు గని, అడుగు నేల ఊకుంటదా?"

సీతారామయ్య గోధుమరంగు మట్టి కొంచెం తీసి, నీళ్లు చిలకరించి, చెన్నమ్మ అరచేతిలో పెట్టబోయాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. ఆయన వదల్లేదు.

"ఉండ కట్టండి. కట్టిందా? ఇప్పుడు బొటనవేలితో ఒత్తుతూ పట్టీలా సాగదీయండి."

పట్టీ వేలి కణుపంత సాగి తెగిపోయింది.

"చూశారా. ఇసుకనేలైతే పట్టీ రానే రాదు. బంకమట్టైతే ఇంకా బోలెడు సాగుతుంది. ఇది మధ్యస్థం, గరప నేలంటాం. నిజానికి బంగారంలాంటి నేలండి. వచ్చిన చిక్కల్లా నీళ్లు కిందికి దిగడంలోనే. వానాకాలం నీళ్లు అడుగు నుంచి మోకాలి లోతు దాకా వచ్చి కూర్చుంటాయి, ఎండాకాలం దిగిపోతాయి. నీళ్లున్నంతకాలం మట్టికి గాలాడదు, బూడిదరంగుకు తిరుగుతుంది. నీళ్లు దిగి గాలి తగిలినచోట మట్టిలోని ఇనుము తుప్పు పడుతుంది. ఈ చుక్కలు అవే. చుక్కలు ఎంత పైకి కనబడితే నేల అంత తడన్నమాట. బాగా లోతున ఉంటే నీరు చక్కగా దిగే నేలని రాసేవాళ్లం. పైపైనే ఉంటే చిత్తడి నేల. ఇది రెంటికీ మధ్య. నీరు కొంత ఆలస్యంగా దిగే గరప నేల. నేనైతే ఆ వర్గంలో వేస్తాను."

చెన్నమ్మ ఆ చుక్కల వైపే చూస్తోంది. నీళ్లను ఇంతకాలం కడుపులో దాచుకునే నేల కూడా ఉంటుందని ఆమె అనుకోలేదు. ఇందులో పదో వంతు తడి తమ ఊరికి దక్కి ఉంటే తోట ఉండేది, బహుశా మొగుడూ ఉండేవాడు. ఆ ఆలోచన వెంటే ఇంకో ఆలోచన వచ్చింది.

"అంటే నేను పోసిన నీళ్లు..."

"కింద నుంచి నేల పోస్తోంది, పైనుంచి మీరు పోస్తున్నారు. మధ్యలో వేళ్లకు ఊపిరాడలేదు. చీనీకి మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే అసలు పడదండి."

"అట్లయితే సంపింది నా చెయ్యే కదా సారూ." చేతిలోని మట్టి వైపు చూసుకుంది. "దాహమనుకోని నేనే ముంచేసినా."

సీతారామయ్య తడబడ్డాడు. ధైర్యం చెప్పబోయి పుండు కెలికానని ఆయనకు అర్థమైంది. "మీ ఊళ్లో చేను ఎలా ఉండేదో చెప్పండి" అన్నాడు.

"ఎర్రనేల. మూరెడు తవ్వితే గరుసు, దాని కింద బండ. పొద్దున కడవ నీళ్లు పోస్తే మద్దేనానికి జాడుండదు."

"మరి అలాంటిచోట పాది లోతుగా తీయకపోతే మొక్క బతుకుతుందా? ప్రతి చుక్కా దాచకపోతే బతుకుతుందా? మీరు నేర్చుకున్నది ఆ నేలకు నూటికి నూరుపాళ్లూ సరైన పద్ధతి. ఇక్కడి నేల వేరని మీకెవరూ చెప్పలేదు, అంతే. ఇంకో మాట. ఆ వైపు నేనూ ఉద్యోగం చేశాను, ఆ గరుసు నేలలు తవ్వించాను. వాన లేని ఏడు అక్కడ ఎవరు పెట్టినా ఏదీ నిలవదు. నేను పెట్టినా నిలవదు. అది నేల గుణమమ్మా. మీ చేతిది కాదు."

చెన్నమ్మ గుంత గట్టు మీద కూలబడింది. ఇలాంటి మాట ఎవరైనా అంటారేమోనని తను ఇన్నేళ్లూ ఎదురుచూసిందని ఆమెకే ఇప్పుడు తెలిసింది. భర్త మంచివాడు, ఒక్కనాడూ నిందించలేదు. కానీ నిందించకపోవడం వేరు, నీ తప్పు కాదని నోరు తెరిచి చెప్పడం వేరు. కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. లింగయ్య పార పక్కనపెట్టి పైకెక్కి, "ఫికర్ చెయ్యకమ్మా, జర నీళ్లు తాగు" అని తన సీసా అందించాడు.

"ఇంగా నీళ్లేనా లింగయ్యా," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ.

ముందు లింగయ్యకే నవ్వొచ్చింది, తర్వాత ముగ్గురూ నవ్వారు. ఆమె తడి మట్టి అంటిన చేత్తోనే సీతారామయ్యకు దండం పెట్టింది. ఆయన కంగారుపడి, "నేనేం చేశానండీ, ఉన్నది ఉన్నట్టు చెప్పాను" అన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాళ్లు దొరకడం ఎంత అదృష్టమో ఆయనకేం తెలుసు.

మర్నాడు లింగయ్య గోడ పక్క మట్టిని ఎత్తుగా దిబ్బ పోసి, వాన నీళ్లు బయటికి పోయేలా పక్కన కాలువ తీశాడు. దిబ్బ మీదైతే చీనీ కూడా బతుకుతుందన్నాడు సీతారామయ్య. చెన్నమ్మ ఒప్పుకోలేదు. "పిల్ల ఈడ పుట్టింది. ఈ నేలకు ఏది ఇష్టమో అదే పెడదాం సారూ" అంది. తడికి ఓర్చుకునే చెట్టు నేరేడని సీతారామయ్యా, లింగయ్యా ఒకే మాట చెప్పారు. నేరేడు నాటారు, పాది తీయలేదు. ఏసీ నీళ్ల బకెట్లు మెట్లు కడగడానికి పోయాయి. ఆ సాయంత్రం సీతారామయ్య ఇంటికీ, లింగయ్య ఇంటికీ నెయ్యి ఓడుతున్న ఓళిగలు, అదే బొబ్బట్లు, వెళ్లాయి.

శుక్రవారం పొద్దున్న హాల్లో పీటలు వేశారు. ప్రియాంక ఒళ్లో రసజ్ఞ కొత్త గౌనుతో కూర్చుంది. ప్రియాంక తల్లి పరమాన్నం ఉన్న వెండిగిన్నె చేతిలోకి తీసుకుంది. చెన్నమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేరేడు ఇంకా చిగురేయలేదు. అది వేసేదాకా ఆగుదామా అని ఒక్క క్షణం పాత భయం వెనక్కి లాగింది. ఆమె ఆగలేదు, వచ్చి పీట పక్కన కూర్చుంది.

"వదినా, ఏమనుకోవద్దు. మొదటి ముద్ద నేను పెడతా."

వియ్యపురాలు సంతోషంగా గిన్నె అందించింది. ప్రియాంక కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి.

"పాపంటే మీకు ఇష్టం లేదేమో అనుకున్నానత్తా. ఆడపిల్ల పుట్టిందని కోపమేమో అని..."

చెన్నమ్మ గిన్నె కింద పెట్టేసింది. బిడ్డకు కీడు తగలకూడదని తను దూరం జరిగితే, ఈ పిల్ల ఇన్ని నెలలూ ఇంత బాధ మోసిందా!

"అయ్యో, కాదమ్మా. నా చెయ్యి మంచిది కాదని మా అత్త అన్నింది. ఏం పెట్టినా పచ్చగుండదని. దీనికి యాడ కీడు జరుగుతాదోనని భయపడినా."

ప్రియాంక అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఉల్లిపాయలు తరిగి, చపాతీలు ఒత్తి గరుకుదేలిన చెయ్యి.

"రసజ్ఞ కడుపులో ఉన్నన్నాళ్లూ నేను తిన్నదంతా ఈ చేతివంటే కదత్తా," అంది. "పాపకు మీ చేతి ముద్ద కొత్తేం కాదు."

చెన్నమ్మ గిన్నె మళ్లీ దగ్గరికి తీసుకుంది. పరమాన్నం వేలికొసన తీసి బిడ్డ పెదవులకు తాకించింది. రసజ్ఞ చప్పరించి, ఇంకా పెట్టమని నోరు తెరిచింది.