తాతయ్య కొట్టించిన గీత

నా చిన్నప్పుడు గోరంతను కొండంత చేసి చెప్పడంలో బెజవాడలో మా వీధి మొత్తానికీ నన్ను మించినవాళ్ళు లేరు. మా తాతయ్యది బందరు వైపు సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబం. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి సరుకులు మోసే ఓడలో ఖలాసీగా పనిచేశారు. మిషన్ బడిలో నేర్చుకున్న నాలుగక్షరాలతో రోజూ ఒక నోటుబుక్కులో పెన్సిలుతో రాసుకునేవారు. గాలి ఎటు వీచింది, ఏం తిన్నారు, ఎవరికి జ్వరం వచ్చింది, అంతే.

ఓడ మీద ఒకసారి బాంబు పడిందని మాత్రం నాకు చెప్పారు. నేను ఊరుకుంటానా? ఆ మంటలు మా తాతయ్యే ఆర్పారని, అదంతా ఆయన నోటుబుక్కులో రాసుకున్నారని బళ్ళో డబ్బా కొట్టుకున్నాను. టీచరుగారు నమ్మేసి, పంద్రాగస్టు నాడు ఆయనకు సన్మానం చేసి, ఆ పేజీ ఆయన చేతే చదివిద్దామన్నారు.

ముందురోజు సాయంత్రం నోటుబుక్కు తీసి చూశాను. "వంటాయన వెళ్ళి మంట ఆర్పాడు. తిరిగి రాలేదు. నేను తాళ్ళ చుట్టల వెనక దాక్కున్నాను" అని ఉంది. రబ్బరుతో ఆ మాటలు చెరిపేసి, తాతయ్య వంకర అక్షరాల్లాగే "మంట నేనే ఆర్పాను" అని రాసిపెట్టాను.

మర్నాడు అందరి ముందూ తాతయ్య మెడలో దండ వేశారు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ పేజీ దగ్గర ఆగి, నావైపు ఒక్కసారి చూశారు. ఉన్నది చదివేస్తే చాలు, చప్పట్లు మోగిపోయేవి. ఆయన నోటుబుక్కు మూసేసి, నేను చెరిపిన మాటలనే పొల్లు పోకుండా అప్పజెప్పారు, దాక్కున్న సంగతితో సహా. తర్వాత దండ తీసి నోటుబుక్కు మీద పెట్టి, "ఇది ఆ వంటాయనదండీ" అన్నారు. అంత ధైర్యం నేను మళ్ళీ ఎవరిలోనూ చూడలేదు.

ఇంటికొచ్చాక దెబ్బలు తప్పవనుకున్నాను. ఆయన పెన్సిలు నా చేతికిచ్చారు.

"ఓడలో లాగుబుక్కు, అదే రోజువారీ చిట్టా, రాసేవాళ్ళు రబ్బరు ముట్టుకోకూడదమ్మా. తప్పు పడితే ఒక్క గీత కొట్టాలి. కింద మాట కనపడాలి. పక్కన సంతకం పెట్టాలి. ఆ వంటాయన చేసింది ఇంకెక్కడా రాసి లేదు తల్లీ. నువ్వు చెరిపేస్తే ఆయన రెండోసారి పోయినట్టే."

నా అబద్ధం మీద నా చేతే గీత కొట్టించి, పైన పాత మాటలు రాయించి, సంతకం పెట్టించారు. ఏడుస్తూనే పెట్టాను.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. ఆ నోటుబుక్కు నా బీరువాలో ఉంది. మనవలు అడిగితే ముందుగా ఆ పేజీయే తీసి చూపిస్తాను. గీత కింద నా అబద్ధం ఇప్పటికీ చదవడానికి వస్తుంది. పైన వంటాయన సంగతి కూడా ఉంది. కానీ అది తాతయ్య చేతిరాత కాదు, నాది.