స్నో బ్లోయర్ వెనక

ఈ రోజు పక్కింటాయన మంచును ఎగజిమ్మే స్నో బ్లోయర్‌లోంచి పెట్రోల్ తీసేస్తుంటే, ఆ వాసనకు మా పాత ఇంటి గ్యారేజీ గుర్తొచ్చింది.

నాకప్పుడు ఏడేళ్లు. చలికాలం అయిపోయిందని నాన్న, ఇంటి ఓనర్ కలిసి అలాంటి యంత్రాన్నే లోపల పెట్టే పనిలో ఉన్నారు. ఓనరంటే బెరుకుతో నేను గ్యారేజీ మూలన, టైర్ల వెనక పుస్తకం పట్టుకుని నక్కాను. వాళ్లు బయటే ట్యాంకు ఖాళీ చేశారు. మిగిలిన చుక్కలు కాలిపోయి ఆగేదాకా ఇంజన్ నడిపారు. తర్వాత దాన్ని తోసుకొచ్చి సరిగ్గా నా దారికి అడ్డంగా పెట్టారు.

“ఇక నవంబర్ దాకా దీన్ని కదిపే పని లేదు,” అన్నాడు ఓనర్ జర్మన్‌లో. “అవునూ, మీ అమ్మాయికి అసలు మాటలొచ్చా?”

“యా, యా,” అని నవ్వారు నాన్న.

నవంబర్ దాకా నేనిక్కడే ఉండాలి కాబోలు అనుకున్నాను. ఓనర్ అడుగుల చప్పుడు దూరమై, షట్టర్ సగం దిగాక, “నాన్నా” అన్నాను.

“ముందే పిలవొచ్చు కదమ్మా?” యంత్రాన్ని పక్కకు లాగుతూ అడిగారు నాన్న.

“ఆయన ఉన్నాడు కదా.”

నాన్న నవ్వలేదు.

ఏటా నాన్నే చేసిన ఆ మంచు తీసే పని నిజానికి ఓనర్‌దేనని అద్దె కాగితాల్లో ఉందట. ఆ సంగతి నాన్నకు మొదటినుంచీ తెలుసని మొన్నే అమ్మ చెప్పింది. ఆ ఇంట్లో ఉన్న ఆరేళ్లూ ఆయనతో ఆ ఒక్క మాట అనలేకపోయారట.