మేకుల బాబాయ్ నోరు

వీధిలో అందరికీ ఆయన మేకుల బాబాయే. పాత సోఫాలకూ కుర్చీలకూ కొత్త గుడ్డ బిగించడం ఆయన పని. పొద్దున్నే కొట్టు తలుపులు తీసి, రేకు డబ్బాలోంచి గుప్పెడు చిన్న మేకులు తీసి గబుక్కున నోట్లో వేసుకున్నాడంటే, ఇక భోజనం వేళ దాకా ఆ నోరు ఆయనది కాదు, సోఫాది. నాలుకతో ఒక్కో మేకునూ తిప్పి, తల ముందుకు వచ్చేలా పెదవుల మధ్యకు తెస్తాడు. అయస్కాంతం సుత్తి దాన్ని అందుకుంటుంది. ఠక్! గుడ్డను లాగి పట్టుకున్న ఎడమచేయి సడలదు, కుడిచేయి ఆగదు. ఎక్కడ మింగేస్తాడోనని చూసేవాళ్లు హడలిపోవాలే తప్ప ఆయనకేం బెంగ లేదు. ఏళ్ల తరబడి మేకులు రాసుకుని ముందుపన్ను అంచున చిన్న గాడి కూడా పడింది.

అదే కొట్టులో కిటికీ పక్కన మిషను మీద కుషన్ల గలీబులు కుట్టేది ఆయన భార్య. ఆయన ఆమెకు మేనమామ కొడుకు, పెళ్లికి ముందు బావే, తర్వాతా బావే. వీధికి ఆమె పిన్ని. పిన్నికి మాట్లాడకపోతే ఊపిరాడదు. ఆయన మాట్లాడితే మేకులు రాలిపోతాయి. చూడచక్కని జంట! ఆమె లోకంలోని సంగతులన్నీ చెప్పేది, ఆయన "ఊఁ" అనేవాడు. ఆ ఊఁలలో అవును, కాదు, ఆకలేస్తోంది, ఇక ఆపు తల్లీ అని రకరకాలున్నాయనీ, అవన్నీ తనకు కొట్టిన పిండి అనీ ఆమె నమ్మకం.

ఒక్క ఊఁ మాత్రం అంతుపట్టలేదు. పెళ్లైన కొత్తలో సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా అడిగింది: "బావా, నేను నచ్చే చేసుకున్నావా, మావయ్య చెప్పాడని చేసుకున్నావా?"

"ఊఁ" అన్నాడు. దేనికి ఊఁ? మళ్లీ అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. పిల్లలు పుట్టి, పెద్దవాళ్లై, ఎవరి సంసారాలు వాళ్లు చేసుకుంటున్నా, ఆమె మనసులో ఆ ముల్లు అలాగే ఉండిపోయింది.

అలాంటి మనిషికి జ్వరం పట్టుకుంది. పెద్ద జ్వరం కూడా కాదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, తెల్లారేసరికి చొక్కా తడిసి ముద్దయ్యేది. లుంగీ ముడి రోజురోజుకీ బిగించాల్సి వచ్చింది. మెట్లు ఎక్కితే ఆయాసం. "దుమ్ము పడలేదులే" అని తీసిపారేశాడు.

పిన్ని తీసిపారెయ్యలేదు. ఆలోచించి ఆలోచించి దొంగను పట్టేసింది: మేకులు! ఎవరెవరి చేతులు మారి వస్తాయో, ఏ గోడౌన్లో ఎలకలు తిరుగుతాయో. ఆయన నిద్రలేవక ముందే డబ్బాలో ఉన్నవన్నీ గిన్నెలో పోసి, కుతకుత ఉడకబెట్టి, గుడ్డ మీద ఆరబోసి, ఏమీ ఎరగనట్టు మళ్లీ డబ్బాలో పోసింది. ఆ మేకులతోనే ఆయన మీగడరంగు సోఫాకు గుడ్డ బిగించాడు. ఉడికిన మేకులు తుప్పు పట్టకుండా ఊరుకుంటాయా? వారం తిరక్కుండా సోఫా అంచు పొడవునా ఎర్రటి చుక్కలు తేలాయి. సోఫాగలాయన వచ్చి నానా మాటలూ అన్నాడు. పిన్ని చేసిన పని ఒప్పుకోక తప్పలేదు.

"మేకులెవరైనా ఉడకబెడతారటే?" అన్నాడు బాబాయ్, ఆయాసపడుతూ.

"నీకేమన్నా అయితే ఈ సోఫాలు నేనేం చేసుకోను?" అంది పిన్ని. అని, ఏడ్చేసింది. ఆయన డబ్బా పక్కన పెట్టి చొక్కా వేసుకున్నాడు. అలా ఆసుపత్రికి బయల్దేరారు.

డాక్టరమ్మ చిన్నపిల్ల, కానీ తొందరలేని మనిషి. గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, ఏదో శబ్దం ఉందని రక్తం తీయించింది. ల్యాబులో ఆ రక్తంలో బ్యాక్టీరియా పెరిగింది. పెరిగితే పెరిగింది కానీ, అది అందరి నోళ్లలోనూ కాపురముండే రకం. దాన్ని చూసి ల్యాబువాళ్లు నవ్వుకున్నారు: ఇదా, రక్తం తీసేటప్పుడు బయటినుంచి పడి ఉంటుందిలే అనుకున్నారు. లెక్కలోకి తీసుకోనక్కర్లేదని రాసి పంపేశారు. బాబాయ్ సంబరంగా వచ్చి మళ్లీ మేకులు నోట్లో వేసుకున్నాడు. జ్వరం మాత్రం ఆ రిపోర్టును ఖాతరు చెయ్యలేదు.

రెండోసారి రెండు చేతులనుంచీ విడివిడిగా రక్తం తీశారు. రెండింటిలోనూ అదే పెరిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. గుండెను స్కాన్ చేసి చూసి, డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"ఇది మీ నోట్లోదే బాబాయ్ గారూ. నా నోట్లోనూ ఉంటుంది, పిన్నిగారి నోట్లోనూ ఉంటుంది. అక్కడున్నంతకాలం దానివల్ల ఏ గొడవా ఉండదు. ఏ పంటి చిగురులోంచో రక్తంలోకి జారినా మామూలుగా ఒళ్లే దాన్ని తుడిచేస్తుంది. మీ గుండెలో ఒక వాల్వు పుట్టుకతోనే కాస్త వంకరగా ఉంది. పోయి పోయి అక్కడ కూర్చుంది. ఏ కొద్దిమందికో జరుగుతుంది ఇలా."

"అయితే మేకుల తప్పు కాదా?" అంది పిన్ని, ఉడకబెట్టిందంతా గుర్తొచ్చి.

"మేకులు చిగురు గీరితే గీరి ఉండొచ్చు, చెప్పలేం. వారాల తరబడి నరంలోకి మందు ఎక్కిస్తాం. వాల్వు తట్టుకుంటే సరే. తట్టుకోకపోతే ఆపరేషన్. కానీ ఈ బ్యాక్టీరియా వచ్చిన దారి మూసెయ్యకపోతే మళ్లీ వస్తుంది. ఆ రెండో దెబ్బకు వాల్వు నిలబడదు. పళ్లలో ఎక్కడైనా నొప్పి ఉందా?"

"లేదమ్మా" అన్నాడు బాబాయ్. చాలా తొందరగా అన్నాడు.

పిన్ని ఆయన వైపు తిరిగింది. ఇంత తొందరగా జవాబు చెప్పే మనిషి కాడు. మేకుల డబ్బాలో ఎప్పుడూ లవంగాల వాసన. అడిగితే నోరు బావుంటుందని అన్నట్టుగా ఒక ఊఁ. కుడివైపు నమలడం ఎప్పుడు మానేశాడో కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. అరవాలనిపించింది, ఈ ముసలాణ్ణి నలుగురిలో కడిగెయ్యాలనిపించింది. కానీ కుర్చీ ఆయన వైపు జరుపుకుని మెల్లగా అంది.

"బావా, నోరు తెరువు."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఆ భయం చూశాక ఇక మొండికెయ్యలేకపోయాడు. నోరు తెరిచాడు. లోపల దవడపన్ను సగం పుచ్చిపోయి, చుట్టూ చిగురు వాచి, పక్కపన్ను కూడా కదులుతూ ఉంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఆ నోట్లోకి చూడటం అదే మొదటిసారి.

"అవి పీకేస్తే మేకులు నిలవవేమోనని..." అన్నాడు, చిన్నపిల్లాడిలా. "ఆ పనితనం పోతే నేనెవర్నే?"

"నా మొగుడివి" అంది పిన్ని. డాక్టరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది.

మందు ఎక్కుతుండగానే పళ్లు పీకారు. తర్వాత రోజులు నెమ్మదిగా గడిచాయి. మంచం పక్కన కూర్చుని పిన్ని గలీబుల అంచులు చేత్తో కుట్టింది. జ్వరం దిగింది, ఆకలి పుట్టింది. చివరి పరీక్షలో రక్తం శుభ్రంగా వచ్చింది. డాక్టరమ్మ మళ్లీ చాలాసేపు విని, శబ్దం ఉంటుందనీ, దానితో బతికెయ్యొచ్చనీ, వాల్వు తట్టుకుందనీ చెప్పింది. పళ్లు జాగ్రత్త, మేకులు మాత్రం నోట్లో వద్దంది.

కొట్టు మళ్లీ తెరిచారు. మేకులు ఇప్పుడు సాసర్లో ఉంటాయి. పిన్ని మిషను ఆపి, ఒక్కో మేకూ అందిస్తుంది. పని నత్తనడక. రెండు మేకులు కొట్టేలోగా ఒకటి కిందపడుతుంది, దానికోసం ఇద్దరూ వంగుతారు. మొదటిరోజు ఆయన మొహం మాడ్చుకున్నాడు. కానీ ఖాళీగా ఉన్న నోరు ఎంతసేపని ఊరుకుంటుంది? మూడోనాటికి గుడ్డ నాణ్యం గురించి ఏదో అన్నాడు, తర్వాత ఎదురింటి కుక్క గురించి. పిన్ని నోరు వెళ్లబెట్టి వింది.

ఒక మధ్యాహ్నం, మేకు అందిస్తూ, తలెత్తకుండా అడిగింది: "బావా, నేను నచ్చే చేసుకున్నావా, మావయ్య చెప్పాడని చేసుకున్నావా?"

ఆయన చెయ్యి అలవాటుగా డబ్బా వైపు పోయింది. సగంలో ఆగింది. సుత్తి కింద పెట్టాడు.

"నాన్న వేరే సంబంధం చూశాడే. నేనే నువ్వు కావాలని పట్టుబట్టాను. అప్పుడు చెబుదామంటే సిగ్గేసింది. నోట్లో మేకులున్నాయి కదా, గట్టెక్కేశాను."

పిన్ని నోట్లో మేకులూ లేవు, దారమూ లేదు. వీధి వీధంతటికీ మాటలు అప్పిచ్చే మనిషి.

"ఊఁ" అంది, అంతే.