అట్టుముక్కల పులుసు

మా పాపకు మూడో ఏడు. కోడిగుడ్డు కనిపిస్తే చాలు, పెదాలు బిగించేస్తుంది. ఉడకబెట్టినా, పొరటు చేసినా, అన్నంలో కలిపి దాచినా నాలుకతో వెతికి మరీ బయటికి తోసేస్తుంది. బరువు తక్కువగా ఉంది, గుడ్డు అలవాటు చేయమని డాక్టరు గారు చెప్పినప్పటి నుంచి నాకు అదే దిగులు. ఫోన్‌లో చూడని వంట వీడియో లేదు. అవి చూస్తుంటేనే అమ్మ పెట్టే పులుసు గుర్తొచ్చింది.

అప్పట్లో మేం రావులపాలెంలో ఉండేవాళ్లం. నాన్న అరటి మార్కెట్లో గుమాస్తా. నాయనమ్మతో కలిపి ఇంట్లో ఆరుగురం. అమ్మ రెండు గుడ్లు గిలకొట్టి, ఉల్లిపాయ ముక్కలు, గుప్పెడు శనగపిండి కలిపి పెనం మీద మందంగా అట్టు పోసేది. దాన్ని ముక్కలు కోసి చింతపండు పులుసులో వేసేది. కోడిగుడ్డు పులుసంటే లోకమంతా అదేననుకునేదాన్ని.

ఒకసారి స్నేహితురాలి ఇంట్లో భోజనానికి కూర్చుంటే, వాళ్లమ్మగారు నా కంచంలో గాట్లు పెట్టిన గుడ్డు మొత్తంగా వేశారు. పాపం, తీరిక లేక అలా వదిలేశారనుకున్నాను.

"అట్టు పోయడానికి టైం లేదా ఆంటీ?" అన్నాను.

ఇంటికొచ్చి చెబితే అమ్మ గరిటె పట్టుకునే గోడకు ఆనుకుని నవ్వింది.

"మరి తిన్నావా లేదా?"

"పర్లేదండి, ఇలాగైనా తింటానని చెప్పాను."

"అబ్బో, ఎంత మర్యాదే నీకు!" అంది. నాన్న రాగానే మళ్లీ మొదట్నుంచి చెప్పించింది.

పాప పుట్టకముందే అమ్మ పోయింది. కొలతలు అడగడానికి లేదు. నిన్న నా చదువుకున్న బుర్రతో సొంతంగా మొదలుపెట్టాను. పాపకు బలం కదా అని ఐదు గుడ్లు కొట్టాను. పిండి దండగని వేయలేదు. పులుసు మరుగుతుండగానే ముక్కలు వేస్తే అన్నీ విచ్చిపోయి పీచుల్లా తేలాయి.

మావారు గరిటెతో కెలికి, "ఇది పులుసాండీ, సూపాండీ?" అన్నారు. పాప ఒక్క ముద్దకే నోరు మూసేసింది.

ఇవాళ రెండే గుడ్లు తీశాను. పిండి గుప్పెడు. పులుసు మరుగుతుంటే అమ్మ గొంతు వినిపించినట్టే అయింది. "స్టవ్ కట్టేశాక వెయ్యవే ముక్కలు. నీకన్నీ కంగారే!" ఈ కంగారు నాకు పాపతో రాలేదన్నమాట.

ముక్కలు విరగలేదు. పులుసు పీల్చుకుని బొద్దుగా తయారయ్యాయి.

"ట్రే నిండా గుడ్లుంటే రెండేనా? మీ అమ్మగారు పైనుంచి చూస్తున్నారేంటి?" అన్నారు మావారు.

"చూస్తున్నట్టే ఉంది. కూర్చోండి."

పాప ముక్క నమిలింది. నేను కదలకుండా చూస్తున్నాను. మింగింది. నా కంచంలోని ముక్క తీసుకుంది. అదీ అయ్యాక వాళ్ల నాన్న వైపు తిరిగింది. ఆయన కంచం చేత్తో కప్పేసుకుని, "నాన్న దగ్గర లేవమ్మా, అమ్మనే అడుగు" అన్నారు.

ఒక్కో ముక్కలో గుడ్డెంత, పిండెంత అని మనసు అప్పుడే లెక్కలకు దిగింది. ఊరుకోమన్నాను. పాప నిద్రపోయింది. మిగిలిన ముక్కలు పొద్దున దానికి పెట్టాలని, ఆయన కంటపడకుండా చిన్న గిన్నెలో మూతపెట్టి, పెరుగు వెనక దాచాను.