ఎవరూ టైపు చేయని రిపోర్టు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ చిరాకు. రక్తం పరీక్షించి అంకె రాసే పని నాది. మా నాన్న రేపల్లెలో బడిపంతులు, చర్చిలో పెద్ద. ఇంట్లో అలాంటి మాట ఎత్తితే అన్నం ముందు నుంచి లేచిపోయేవారు. ఇదంతా ఎవరినో నమ్మించడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని రాస్తున్నాను.

తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిదేళ్ళు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేశాను. రేపల్లె నుంచి రోజూ రైల్లో వెళ్ళివచ్చేదాన్ని. ఆసుపత్రి ముందు భాగమంతా గాజు తలుపులు, ఏసీలు. వెనక మా ల్యాబ్‌లో మాత్రం నేను చేరకముందు నుంచీ ఉన్న కంప్యూటర్, కరకరలాడుతూ ఒక్కో వరసా కొట్టే పాత ప్రింటర్. ఆ ప్రోగ్రాం రాసినతను ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

అందులో పేషెంటు నంబరుకి నాలుగంకెలే చోటు. అవి అయిపోతే మళ్ళీ ఒకటి నుంచి మొదలు. అంటే ఎప్పుడో వచ్చిపోయిన మనిషి వివరాల మీదే కొత్త మనిషివి ఎక్కించాలి. మధ్యలో కంప్యూటర్ బిగుసుకుపోతే, కొత్త పేరు కింద పాత మనిషి అంకెలు మిగిలిపోయేవి. నేను రెండుసార్లు పట్టుకున్నాను. రెండుసార్లూ మేనేజరుకి కాగితం మీద రాసిచ్చాను.

"పనిచేస్తోంది కదమ్మా కరుణా. చేసేదాన్ని తీసి పారేస్తామా ఏంటి? కాస్త కళ్ళు పెట్టి చూసుకో," అన్నాడు.

ఆ ఏడు డెంగ్యూ జ్వరాలు విపరీతంగా ఉన్నాయి. ఒక ఉదయం రేపల్లె దగ్గర నగరం అనే ఊరి నుంచి శేషారత్నం అనే ఆవిడ వచ్చింది. ముప్పై నాలుగేళ్ళు, పొలం పనులకి వెళ్ళే మనిషి. భర్త నాగరాజు పక్కనే నిలబడి ఆమె చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. రక్తం నేనే తీశాను. "నొప్పే తెలీలేదక్కా," అని నవ్వింది.

పేరు ఎక్కించగానే కంప్యూటర్ ఆగిపోయింది. ఆపి మళ్ళీ పెట్టాను. బయట జనం అరుస్తున్నారు. తయారైన రిపోర్టులన్నీ ఒకేసారి ప్రింటుకి ఇచ్చి, చూడకుండానే కవర్లలో పెట్టేశాను. ఆమె రిపోర్టులో ప్లేట్‌లెట్లు రెండు లక్షల పైన ఉన్నాయి. డాక్టరు మామూలు జ్వరమే అని ఇంటికి పంపేశారు. పన్నెండు కాకముందే వాళ్ళు వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం భోంచేసి వచ్చి చూస్తే, ఆమె రక్తం ట్యూబు స్టాండులో అలాగే ఉంది. దాన్ని అసలు పరీక్షే చేయలేదు.

వెంటనే పెట్టి చూశాను. పద్దెనిమిది వేలు. ఆ అంకె చీటీ మీద రాసుకుని మేనేజరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన చీటీ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"నేను ఫోన్ చేయిస్తాలే. నువ్వు పని చూసుకో."

చేయించలేదు. రిజిస్టరులో నాగరాజు ఫోన్ నంబరు నా కళ్ళముందే ఉంది. నేనూ చేయలేదు. మర్నాడు ఆమెకి రక్తపు వాంతులయ్యాయి. బాపట్ల తీసుకెళుతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

"ఆ అంకె నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. తెలియకూడదు," అన్నాడు మేనేజరు. నేను తల ఊపాను. ఆ ఊపిన తలని ఇప్పటికీ అసహ్యించుకుంటాను.

నెల తిరక్కముందే మొదలైంది. ఒక పొద్దున్న, ల్యాబ్ నిండా జనం ఉండగా, ఎవరూ ఏమీ నొక్కకుండానే ప్రింటరు కదిలింది. ఒకే ఒక్క వరస. శేషారత్నం, నగరం, ప్లేట్‌లెట్లు 18,000. ఆ అంకెని నేను కంప్యూటర్‌లో ఎప్పుడూ ఎక్కించలేదు.

కాగితం చించేశాను. రెండ్రోజులకి మళ్ళీ వచ్చింది. తర్వాత రోజూ. ఒకసారి కాగితం తీస్తుంటే ప్రింటరు తల నా వేళ్ళ మీదకి విసురుగా వచ్చి గోరు చీల్చింది. వేరే ఎవరు ముట్టుకున్నా బుద్ధిగా ఉండేది.

బాపట్ల నుంచి కంప్యూటర్ మెకానిక్కుని పిలిపించారు. అతను గంటన్నర వెతికాడు. "ఆ పేరు మీద ఇందులో ఏమీ లేదండి. ఆ నంబరు ఇంకొకరికి వెళ్ళిపోయిందండి," అన్నాడు. కంప్యూటర్‌కీ ప్రింటరుకీ మధ్య ఉన్న కేబుల్ పీకి బల్ల మీద పెట్టాడు. మేనేజరు, నేను, అతను ముగ్గురం చూస్తుండగా ప్రింటరు అదే వరస కొట్టింది. ఈసారి ఆగలేదు. కాగితం నేల మీదకి జారి మేనేజరు చెప్పుల మీద పడేదాకా కొట్టింది.

మెకానిక్కు సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. మేనేజరు నా వైపు తిరిగాడు. "నువ్వే ఏదో చేస్తున్నావు," అన్నాడు. "రేపటి నుంచి రానక్కర్లేదు."

ఆ కాగితం చుట్టి బ్యాగులో పెట్టుకుని అటునుంచటే నగరం వెళ్ళాను.

నాగరాజు ఇంటి ముందు సైకిలు బాగుచేసుకుంటున్నాడు. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు. కంప్యూటర్ సంగతి, ట్యూబు సంగతి, నేను ఫోన్ చేయకపోవడం, అన్నీ నిలబడే చెప్పాను. కాగితం చేతికిచ్చాను.

అతను దాన్ని చాలాసేపు చూశాడు. లోపలికి వెళ్ళి ఆసుపత్రి కవరు తెచ్చాడు. నేను పెట్టిన కవరే. అందులోంచి రెండు కాగితాలు తీశాడు. ఒకటి రెండు లక్షల రిపోర్టు. రెండోది దాని వెనక అంటుకుని ఉన్న సన్నటి ముక్క.

"ఇది కూడా ఇదేనాండి? మాకు ఇంగ్లీషు రాదు. బిల్లు ముక్క అనుకున్నాం."

శేషారత్నం, నగరం, 18,000. పక్కన తేదీ, సమయం. ఆమె వచ్చిన రోజే. ఉదయం పదకొండూ ఇరవై.

అప్పటికి ఆ ట్యూబు మూత కూడా తీయలేదు.

"డాక్టరు గారు పై కాగితమే చూశారండి," అన్నాడు నాగరాజు. తర్వాత మెల్లిగా అడిగాడు. "ఇది చూసుంటే బతికేదాండి?"

"బతికుండేది," అన్నాను.

అతను కాగితాలు మళ్ళీ కవర్లో పెట్టాడు. "ఫిర్యాదు పెడతాను. మీరొచ్చి ఇదంతా చెప్పాలి. అప్పటిదాకా మా ఇంటికి రాకండి."

బాపట్లలో ఫిర్యాదు పెట్టాడు. వెళ్ళి అన్నీ చెప్పాను. చీటీ అనేదే లేదని మేనేజరు అన్నాడు. విచారణ ఇంకా నడుస్తోంది. ఆ సన్నటి ముక్క ఎప్పుడు, ఎలా అచ్చయిందని నన్ను మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ తెలియదనే చెప్పాను. కవరు మూసింది నేను. లోపల ఏముందో చూడనిదీ నేనే. అంతకు మించి ఈ రోజుకీ నాకు తెలియదు.